గ్రాండ్ క్యాన్యన్ చూస్తే ఏమీ అనిపించలేదు, అమ్మ స్టేటస్‌లో కొండ చూసి ఏడ్చాను. నాకేమన్నా తేడా కొట్టిందా?

గాలిగోపురం (ఫీనిక్స్)
మాది తిరుపతి, కపిలతీర్థం రోడ్డు పక్క సందు. ఫీనిక్స్ వచ్చి నాలుగేళ్ళు దాటింది. ఎండ విషయంలో బెంగ లేదు, మన రేణిగుంట మే నెలనే ఇంకాస్త వేయించినట్టు ఉంటుంది. 2023లో వరసగా 31 రోజులు పగటి ఎండ 43 డిగ్రీల కిందికి దిగలేదు.

సంగతేంటంటే, పోయిన నెల మూడు కుటుంబాలం కలిసి గ్రాండ్ క్యాన్యన్ వెళ్ళాం. మేథర్ పాయింట్ దగ్గర రెయిలింగ్ దాకా నడిస్తే చాలు, ఉన్నట్టుండి నేల అయిపోతుంది. 1.6 కిలోమీటర్ల లోతు. మాతో వచ్చినాయనకు నోట మాట లేదు. వాళ్ళావిడ కళ్ళు తుడుచుకుంటోంది. నా బుర్రలో మాత్రం కారు లాక్ చేశానా, సోమవారం మీటింగులో ఏం చెప్పాలి, పులిహోర డబ్బా ఎండలో వదిలేశానే, ఇవే. అందరూ అబ్బా అంటుంటే నేనూ అబ్బా అన్నాను, తెలియనివాళ్ళ పెళ్ళిలో అక్షింతలు వేసినట్టు.

తిరిగొచ్చిన రెండో రోజు అమ్మ వాట్సాప్‌లో స్టేటస్ పెట్టింది. వాన వెలిశాక మా మిద్దె మీంచి తీసిన వీడియో, 11 సెకన్లు. దండెం మీద తీయడం మరచిపోయిన దుప్పటి, దాని వెనక కొండ, కొండ నడుముకు మబ్బు. ఆఫీసు బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఇరవై మూడేళ్ళు ఆ కొండ కిందే పెరిగాను. ఒక్కసారన్నా నిలబడి చూసిన గుర్తు లేదు. ఇది ఇంటి బెంగా, డిప్రెషనా, లేక నాలో ఆ నరమే చచ్చిపోయిందా?

ఊరిబిండి
పులిహోర ఏమైంది?

గాలిగోపురం (ఫీనిక్స్)
పాడైంది.

ఊరిబిండి
అయితే ఏడ్చింది దానికే. టాపిక్ మూసేయొచ్చు.

శేషాచలం68 (తిరుపతి)
వచ్చేయ్ నాయనా. రిటైరయిన నాటి నుంచి నెలకోసారి అలిపిరి మెట్లు ఎక్కుతున్నా. 3,550 మెట్లు. సగం దారిలో ఊపిరి అందక కూర్చుని వెనక్కి తిరిగి చూస్తే ఊరంతా అగ్గిపెట్టెల్లా కనిపిస్తుంది. ఒక్క నరం కూడా చావదు. పరాయి దేశంలో గుంటలు చూడ్డానికి పెట్రోలు దండగ.

లండన్_రిటర్న్
శేషాచలం గారూ, "వచ్చేయ్" అనడం తేలికే. నేను వచ్చేశాను. తొమ్మిదేళ్ళు అక్కడుండి 2022లో తిరుపతికి తిరిగొచ్చా. మొదటి నెల రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని మిద్దె ఎక్కేదాన్ని, కొండ చూడ్డానికి. మూడో నెలకు అది మళ్ళీ గోడ అయిపోయింది. ఇప్పుడు నాకు గుర్తొచ్చేది ఏంటో తెలుసా? నవంబరులో నాలుగింటికే చీకటి పడితే, డబుల్ డెక్కర్ బస్సు పైన ముందు సీట్లో కూర్చుని అద్దం మీద జారే వాన చూడడం. అక్కడున్నన్నాళ్ళూ ఆ బస్సును తిట్టని రోజు లేదు.

ఊరిబిండి
మా ఆవిడ పుట్టింటికి పోయినప్పుడు ఆమె ఉప్మా మీద నాకూ ఇలాగే కవిత్వం పొంగుకొస్తుంది. వచ్చాక రెండు రోజులకు దిగిపోతుంది.

తెలుగు_మాస్టారు (శ్రీకాళహస్తి)
రెండు వేరువేరు సంగతుల్ని ఒకే మూటలో కడుతున్నారు. క్యాన్యన్ దగ్గర రావలసింది విస్మయం. అద్భుత రసానికి స్థాయీభావం అదే. మామూలు మాటల్లో అబ్బురం అనుకోండి. అమ్మ పెట్టిన వీడియో చూసి వచ్చింది బెంగ, అది కరుణ రసం వైపుది. ఒకటి రాలేదు, రెండోది కట్ట తెంచుకుని వచ్చింది. ఒకటి రానందుకు, ఇంకోటి వచ్చినందుకు కలిపి ఒకే జబ్బు పేరు పెట్టుకోవద్దు.

డాక్టరమ్మ (చిత్తూరు)
మాస్టారు చెప్పిన తేడా మాకూ పనికొచ్చేదే. డాకర్ కెల్ట్‌నర్, జొనాథన్ హైట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఈ అబ్బురాన్ని రెండు ముక్కలు చేసి చెప్పారు. ఎదురుగా ఉన్నది మన కొలతకు అందనంత పెద్దదిగా తోచాలి. దాన్ని ఇముడ్చుకోవడానికి మన బుర్రలో అప్పటిదాకా ఉన్న లెక్క కాస్త మారాలి.

ఇక్కడి నుంచి నా సొంత అభిప్రాయం. ఊరు దాటి వెళ్ళినవాళ్ళకు ఆ రెండోదే కష్టం. దిగిన రోజు నుంచి బుర్ర లెక్కలు మార్చుకుంటూనే ఉంది. బండి ఏ పక్క నడపాలి, పై ఆఫీసర్‌ను పేరు పెట్టి ఎలా పిలవాలి, వీసా స్టాంపింగ్ ఎప్పుడు, ఇవన్నీ. నిండిన గిన్నెలో ఇంకో చెంబు పోస్తే ఎక్కడ ఆగుతుంది?

ఇక డిప్రెషన్ మాట. ఒక లోయ చూసి ఏమీ అనిపించకపోవడం జబ్బు కాదు. రెండు వారాలుగా దాదాపు రోజూ దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, నేనెందుకూ పనికిరాను అనిపించడం, ఇవి ఉంటే మాత్రం ఫోరంలో అడగొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మన దగ్గర టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకు అక్కడ 988.

గాలిగోపురం (ఫీనిక్స్)
నిద్ర బాగానే పడుతోంది డాక్టరమ్మా. ఆకలి మరీ బాగుంది. ఏడుపు కూడా ఆ ఒక్క రోజే. కానీ నిండిన గిన్నె అన్నారే, అది తగిలింది. మా ఆఫీసులో ఫిబ్రవరిలో జనాన్ని తీసేశారు. నన్ను తీయలేదు. ఉద్యోగం పోతే వీసా రూలు ప్రకారం 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. అప్పట్నుంచి ఏది చూసినా అరవై అరవై అనే వినిపిస్తోంది. నిజం చెప్పాలంటే ఆ రెయిలింగ్ దగ్గర నిలబడి, ఈ ట్రిప్పుకైన ఖర్చు ఎన్ని రోజుల అద్దె అని లెక్కేశాను.

పీలేరు_క్రాస్
కొంచెం చేదుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. ఇవన్నీ కడుపు నిండినోళ్ళ బాధలు. మా చిన్నాన్న కువైట్‌లో పదకొండేళ్ళు ఉన్నాడు. డ్రైవర్ పని అని చెప్పి ఖాదిం (ఇంటి పనివాళ్ళ) వీసా మీద తీసుకుపోయి ఎడారిలో గొర్రెల దగ్గర పడేశారు. రేకుల గది, నీళ్ళ ట్యాంకు, నూట ఎనభై గొర్రెలు. సేటు వారానికోసారి రొట్టెలు తెచ్చి ఇచ్చేవాడు. విస్మయం కలిగిందా అని ఆయన్ను ఎవరైనా అడిగారా?

ఊరిబిండి
దీనికి జోకు లేదు నా దగ్గర.

డాక్టరమ్మ (చిత్తూరు)
ఎవరూ అడగలేదంటున్నారు కదా. మీరు అడగండి. వెటకారంగా అనడం లేదు, నిజంగానే.

పీలేరు_క్రాస్
చూస్తా.

మంచుపుట్ట (మదనపల్లె నుంచి కాల్గరీ)
డాక్టరమ్మ గారితో కొంచెం విభేదిస్తాను. అన్నీ టెన్షన్ మీదికి తోసేస్తే కుదరదు. ఒంటి సంగతి కూడా చూడాలి. మాకు డిసెంబర్లో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. మూడో చలికాలం దాకా నాలోనూ ఏదో నరం చచ్చిపోయిందనే అనుకున్నాను. మంచు పడితే వీడియోలు తీసిన మనిషిని, కర్టెన్ తీయడం మానేశాను.

నార్మన్ రోసెంతాల్ అని ఒక డాక్టరు ఉన్నాడు. దక్షిణాఫ్రికా జోహన్నెస్‌బర్గ్ నుంచి న్యూయార్క్ వచ్చినవాడు. చలికాలం రాగానే తన ఒంట్లో సత్తువ తగ్గిపోతోందని గమనించాడు. 1984లో తోటి పరిశోధకులతో కలిసి ఆ ఋతువుల దిగులును జబ్బుగా వర్ణించి పేరు పెట్టింది ఆయనే. నాకు నచ్చిందేంటంటే, ఎండలో పుట్టి అక్కడికి పోయినవాడు కాబట్టి పట్టుకున్నాడు. అక్కడే పుట్టినవాళ్ళు చలికాలం అంటే ఇంతేలే అనుకుని ఉంటారు. నాకు మా డాక్టరు 10,000 లక్స్ వెలుగిచ్చే దీపం రాసిచ్చింది. పొద్దున్నే అరగంట దాని ముందు కూర్చుని కాఫీ తాగుతా. మా వారు దాన్ని "సూర్యనారాయణమూర్తి" అంటారు.

శేషాచలం68 (తిరుపతి)
మన దగ్గర ఫ్రీగా వచ్చే ఎండకు అక్కడ ప్రిస్క్రిప్షనా!

మంచుపుట్ట (మదనపల్లె నుంచి కాల్గరీ)
అవును సార్, కరెంటు బిల్లు కూడా.

అసలు చెప్పాలనుకున్నది మరచిపోయా. 2024 మే 10 రాత్రి. పెద్ద సౌర తుఫాను వచ్చి, ఎప్పుడూ కనపడని చోట్ల కూడా అరోరా కనిపించిన రోజు. పడుకోబోతూ కిటికీలోంచి చూస్తే ఆకాశం గులాబీ రంగు. నైటీ మీదే జాకెట్ వేసుకుని పార్కింగ్‌లోకి పరిగెత్తా. నడినెత్తిన పచ్చ, గులాబీ తెరలు, గాలికి ఎవరో చీరలు ఆరేసినట్టు కదులుతున్నాయి. ఎవరితో చెప్పాలి? మా వారు నైట్ షిఫ్ట్. అమ్మకు ఫోన్ చేస్తే అక్కడ పొద్దున పదిన్నర, పప్పు తాలింపులో ఉంది. "ఫోటో పెట్టు, కుక్కర్ దించి చూస్తా" అంది. ఆ క్షణాన ఆకాశం కన్నా ఆ మాటకే గుండె పట్టేసింది.

పక్కింట్లో ఉక్రెయిన్ నుంచి వచ్చిన ముసలావిడ ఉంటుంది. ఇంగ్లీషు రాదు. ఆవిడ వచ్చి నా మోచెయ్యి పట్టుకుని పైకి చూస్తూ ఏదో అంది. "అవునవ్వా" అన్నాను, తెలుగులోనే. ఇంకా ఏదో అంది. "నిజమే అవ్వా" అన్నాను. అట్లా ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం.

లండన్_రిటర్న్
ఈ పోస్టు మూడుసార్లు చదివాను.

డల్లాస్_కాళహస్తి
పక్కన ఒకరుండడం ముఖ్యమని మంచుపుట్ట గారు చెప్పకుండానే చెప్పారు. నాదీ ఒకటి వినండి.

2024 ఏప్రిల్ 8, డల్లాస్ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం. అమ్మ ముందు రోజు నుంచే ఫోను. బయటికి రావద్దు, తలుపులేసుకో, దర్భ దొరక్కపోతే ఆవకాయ జాడీ మీద గరికన్నా వెయ్యి. "గ్రహణానికి మనూరి గుడే మూయరు కదమ్మా" అన్నాను. తిరుమల గుడి కూడా మూస్తారు, శ్రీకాళహస్తి మాత్రం తెరిచే ఉంటుంది, తెలిసిందే కదా. అమ్మ క్షణం ఆగి, "ఆయన దేవుడు. నువ్వెవరు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అయినా పోయాను. ఆఫీసు పార్కింగ్‌లో రెండు మూడు వందల మంది. మధ్యాహ్నం ఒంటిగంట నలభై. చివరి వెలుగు చుక్క ఆరిపోయింది, వీధి దీపాలు వాటంతటవే వెలిగాయి, పక్కన శుక్రుడు కనిపించాడు. సూర్యుడి చోట నల్లటి చిల్లు, చుట్టూ తెల్లటి జుట్టు. నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ. నాకు తెలియకుండానే గొంతెత్తి "గోవిందా!" అని అరిచాను. సిగ్గేసింది. అంతలో పార్కింగ్ అవతలి చివర నుంచి ఎవరో "గోవింద గోవింద!" అని తిరిగి అరిచారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ బిల్డింగులో పదకొండు కంపెనీలున్నాయి.

ఊరిబిండి
నేనే అది.

డల్లాస్_కాళహస్తి
నువ్వు పుత్తూరు దాటి ఎప్పుడు పోయావు?

ఊరిబిండి
నగరి దాకా పోయాను ఒకసారి.

తడ_స్టీరింగ్
మీరందరూ ఇక్కణ్ణించి పోయినోళ్ళ సంగతే చెబుతున్నారు. ఇక్కడికి వచ్చినోళ్ళ సంగతి నేను చెబుతా. శ్రీసిటీలో కారు తోలుతాను. ఒక కొరియా సారు, యాభై ఏళ్ళుంటాయి, మనిషి మంచోడే కానీ మూడు నెలలు ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. తిరుమల తీసుకుపోయా. గుడి గోపురం, జనం, లడ్డు, అన్నిటికీ "గుడ్, గుడ్" అనేవాడు. మన గాలిగోపురం అన్న పెళ్ళిలో అక్షింతలు అన్నాడే, అచ్చం అట్లనే. తలకోన జలపాతానికి తీసుకుపోతే కోతి బిస్కెట్ లాక్కుంది, అప్పుడు మాత్రం నవ్వినాడు.

ఒక డిసెంబర్ పొద్దున సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డులో పులికాట్ మీదుగా పోతా ఉన్నాం. ఫ్లెమింగోలు వేలల్లో దిగి ఉన్నాయి. సారు చూస్తాడని అద్దం దించినా. పక్షుల్ని చూడలేదు. ముక్కు బయటికి పెట్టి గాలి పీల్చినాడు. ఆపు అన్నాడు. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, నీళ్ళు వెనక్కి పోయిన బురదలోకి దిగినాడు. చేత్తో ఆ బురద తీసుకుని వాసన చూసినాడు. నాకు భయమేసింది, ఏమన్నా అయిందేమో అని. తర్వాత ఫోన్‌లో మాట్లాడి తెలుగులోకి మార్చి చూపించినాడు. "మా అమ్మ వాసన" అని వచ్చింది. వాళ్ళ అమ్మ సముద్రం ఆటుపోట్ల బురదలో ఆల్చిప్పలు ఏరేదంట. ఫోను తప్పుగా మార్చిందేమో అనుకున్నా, కానీ తప్పు కాదు.

గంటన్నర ఉన్నాం. కారంతా బురద. కడిగించుకోమని ఐదొందలు ఇచ్చినాడు.

తెలుగు_మాస్టారు (శ్రీకాళహస్తి)
నా వర్గీకరణ ఇక్కడ దెబ్బతింది. అది విస్మయమా, బెంగా? రెండూ అదే బురదలో ఉన్నాయి. మొదట్లో నేను గీసిన గీత చెరిపేస్తున్నాను, సగం దాకా.

రాయీరప్పా (రిటైర్డ్ లెక్చరర్, తిరుపతి)
గాలిగోపురానికి ఒక మాట. నేను భూగర్భ శాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి నాకు అన్నీ రాళ్ళలాగే కనిపిస్తాయి, క్షమించాలి.

నువ్వు అరిజోనాలో చూసి ఏమీ అనిపించలేదన్నది, మీ అమ్మ మిద్దె మీంచి తీసిన వీడియోలో చూసి నువ్వు ఏడ్చినది, రెండింట్లోనూ కథ ఒకటే. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి చూడు. కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా ఎర్రటి క్వార్ట్‌జైట్. రెండూ ఆనుకునే ఉంటాయి, వేలు పెట్టి చూపించొచ్చు. కానీ ఆ రెంటికీ మధ్య కోట్ల ఏళ్ళు గల్లంతు. కింది రాయి అరిగిపోతూ ఖాళీగా పడున్న కాలం అది, ఆ కాలం తాలూకు పేజీలు లేవు. దీన్ని ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. శిలాతోరణంతో పాటు దీన్నీ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. రోజూ వేల మంది దాని పక్కనే వాంతి కవర్లు పట్టుకుని పోతుంటారు.

గ్రాండ్ క్యాన్యన్ అడుగునా ఇలాంటిదే ఉంది, ఇంకా పెద్దది. పైన పొరల ఇసుకరాయి, కింద నల్లటి పాత రాయి, కొన్నిచోట్ల వాటి మధ్య వంద కోట్ల ఏళ్ళకు పైగా ఖాళీ. ఆ కింది నల్లరాయి పేరేంటో తెలుసా? విష్ణు షిస్ట్. దాని పక్కనే బ్రహ్మ షిస్ట్, రామ షిస్ట్. నేను పెట్టిన పేర్లు కావు. క్లారెన్స్ డట్టన్ అనే అమెరికా భూగర్భ శాస్త్రవేత్త 1880లలో అక్కడి శిఖరాలకు మన దేవుళ్ళ పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. రాళ్ళ పేర్లూ ఆ వరసలోనే వచ్చాయి.

డల్లాస్_కాళహస్తి
అంటే మన దగ్గర 3,550 మెట్లు ఎక్కితే పైన ఉంటాడు, అక్కడ దిగితే అడుగున ఉంటాడు!

ఊరిబిండి
అక్కడ మూడొందల రూపాయల టికెట్ ఉందా?

శేషాచలం68 (తిరుపతి)
ఇరవై ఏళ్ళుగా ఆ ఘాట్ రోడ్డులో దిగుతున్నా. ఒక్కనాడు చూడలేదు. పొద్దున గుంటలు అన్నందుకు వెనక్కి తీసుకుంటున్నా.

లండన్_రిటర్న్
రాయీరప్పా గారూ, అంతా బాగుంది కానీ తెలిస్తేనే అబ్బురం కలుగుతుందా? మా రెండేళ్ళ మేనల్లుడు చీమల బారును చూసి నోరు తెరుచుకుని అరగంట కూర్చుంటాడు. వాడికి ఏ శాస్త్రం తెలుసు?

రాయీరప్పా (రిటైర్డ్ లెక్చరర్, తిరుపతి)
వాడికి 60 రోజుల గడువు లేదు కదమ్మా. ఖాళీ గిన్నె. నిండిన గిన్నెవాళ్ళకు ఒక పట్టు కావాలి, చెయ్యి పెట్టి పట్టుకోవడానికి. కొరియా సారుకి బురద దొరికినట్టు.

గాలిగోపురం (ఫీనిక్స్)
సార్, విష్ణు షిస్ట్ సంగతి నిజంగా తెలియదు. దాన్ని చూడాలంటే అడుగు దాకా దిగాలా? నా మోకాళ్ళు ఆఫీసు కుర్చీవి.

రాయీరప్పా (రిటైర్డ్ లెక్చరర్, తిరుపతి)
అక్కర్లేదు. పైనే అంచు వెంబడి ట్రెయిల్ ఆఫ్ టైమ్ అని నడక దారి ఉంది. యావపై జియాలజీ మ్యూజియం దగ్గర మొదలెట్టు. ఒక్కో మీటరు పది లక్షల ఏళ్ళు. ఏ వయసు రాయిని ఆ దూరంలో తెచ్చి పెట్టారు, ముట్టుకోవచ్చు. ఈసారి గుంపుతో పోకు.

డాక్టరమ్మ (చిత్తూరు)
నడక అన్నారు కాబట్టి ఒకటి చెప్పి పోతా. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. వయసు మళ్ళినవాళ్ళను 8 వారాలు, వారానికోసారి పావుగంట నడవమన్నారు. సగం మందికి మాత్రం, చిన్నపిల్లల్లా కొత్త కళ్ళతో చుట్టూ చూస్తూ నడవండి అని చెప్పారు. అందరినీ సెల్ఫీలు తీసుకోమన్నారు. ఆ సగం మంది ఫోటోల్లో వారాలు గడిచేకొద్దీ మనిషి చిన్నగా అవుతూ వచ్చాడు, వెనక దృశ్యం పెద్దదైంది. నవ్వు మాత్రం పెరిగింది.

శేషాచలం68 (తిరుపతి)
ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నది పరిశోధనా అయితే!

ఊరిబిండి
మీ ప్రొఫైల్ ఫోటోలో మీ ముక్కు తప్ప ఏమీ కనపడదు సార్. మీరు సెకండ్ గ్రూపు.

పీలేరు_క్రాస్
అడిగినా.

ఆదివారం టీ తాగుతా ఉంటే అడిగినా. చిన్నాన్న మొదట నవ్వినాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

"మొదటి ఏడాది రాత్రిళ్ళు బయటికి వచ్చేవాణ్ణి కాదురా. ఆకాశమంటే భయం. అన్ని చుక్కలు మనూర్లో ఎప్పుడూ చూడలా. మీద పడిపోతాయేమో అనిపించేది. రెండో ఏడు చలికాలం ఒక గొర్రె ఈనింది, అర్ధరాత్రి. ఒక్కణ్ణే. టార్చిలో బ్యాటరీ అయిపోయింది. పిల్ల ఊపిరి తీయడం లేదు, నా తువ్వాలుతో ముక్కు తుడిచి, కాళ్ళు పట్టుకుని ఊపినా. అరిచింది. ఆ సంతోషంలో తల ఎత్తితే గొరుకొయ్యలు కనిపించినాయి. మూడు చుక్కలు, వరసగా. మా నాయన శనక్కాయల కళ్ళం కాపలాకి తీసుకుపోయి చూపించిన గొరుకొయ్యలే. ఇవి ఈడికి ఎట్లొచ్చినాయిరా అనుకున్నా. పిల్లను ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా చూస్తా కూర్చున్నా."

ఆ తర్వాత ఎంత చలైనా దుప్పటి కప్పుకుని బయటే పడుకునేవాడంట. "అయితే బాగుండిందా చిన్నాన్నా?" అంటే, "ఏం బాగు? అకామా (అక్కడుండే పర్మిట్) వాళ్ళ చేతుల్లో, జీతం ఆరునెలలకోసారి. మళ్ళీ పొమ్మంటే చచ్చినా పోను. కానీ ఆ రాత్రిది వేరే" అన్నాడు.

మా చిన్నమ్మకు కూడా ఈ సంగతి ఆ రోజే తెలిసింది. పదకొండేళ్ళు ఫోన్లలో ఎప్పుడూ చెప్పలేదంట. కార్డు నిమిషాలు డబ్బుల లెక్కలకే సరిపోయేవి.

కడుపు నిండినోళ్ళ బాధ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

మంచుపుట్ట (మదనపల్లె నుంచి కాల్గరీ)
ఇక్కడ చలికాలంలో గొరుకొయ్యలు మా గ్యారేజీ మీదికి వస్తాయి. ఇకనుంచి మీ చిన్నాన్న గుర్తొస్తాడు.

డాక్టరమ్మ (చిత్తూరు)
అడిగినందుకు థాంక్స్.

నిర్వాహకుడు
టాపిక్ ముందు పేజీకి మార్చాను. పులిహోర చెడిపోకుండా ఎన్ని గంటలుంటుంది అనే చర్చను వంటల విభాగానికి తరలించాను. దయచేసి అక్కడ కొట్టుకోండి.

గాలిగోపురం (ఫీనిక్స్)
మూడు వారాలైంది. నిన్న వెళ్ళొచ్చాను, ఒక్కణ్ణే. పనిరోజు, సెలవు పెట్టి. ఈసారి పెరుగన్నం, అదీ ఐస్ డబ్బాలో.

రాయీరప్పా గారు చెప్పినట్టే మ్యూజియం దగ్గర మొదలెట్టాను. మొదట్లో ఒక్కో అడుగుకు లెక్కపెట్టాను. ఈ అడుగులో మనిషే లేడు, ఈ అడుగులో హిమాలయాలు లేవు. కాసేపటికి లెక్క మానేశాను. మైలు దాటాక విష్ణు షిస్ట్ వచ్చింది. నల్లగా, మధ్యలో సన్నటి మెరుపులు, పొద్దుటి చలికి చల్లగా ఉంది. చెయ్యి పెట్టాను. ఒళ్ళు జలదరించడం లాంటిదేమీ జరగలేదు, ఉన్నమాట చెబుతున్నా. చెయ్యి తీయబుద్ధి కాలేదు, అంతే. వెనకాల ఒక పిల్ల వాళ్ళమ్మను "విష్ణు అంటే ఏంటి" అని అడుగుతోంది. నేనే చెప్పాను. మా ఊళ్ళో ఈయన కొండ మీద ఉంటాడు అన్నాను.

అక్కడే ఇంకో లెక్క వచ్చింది. మీటరుకు పది లక్షల ఏళ్ళయితే నా నాలుగేళ్ళ వీసా టెన్షన్ వెంట్రుక మందంలో పదో వంతు కూడా రాదు.

ఊరిబిండి
వెంట్రుకలైతే కల్యాణకట్టలో ఇచ్చేశాంలే అన్నా.

డల్లాస్_కాళహస్తి
ఆ స్కేలు మీద మన గ్రీన్ కార్డు క్యూ ఎన్ని మీటర్లు? దేశానికి 7 శాతమే కోటా కాబట్టి ఆ బాట పారిస్ దాకా పొడిగించాలి.

రాయీరప్పా (రిటైర్డ్ లెక్చరర్, తిరుపతి)
లోపలి గోతిలో నల్లరాయి మీద ఇసుకరాయి కూర్చున్న గీత కనిపించిందా?

గాలిగోపురం (ఫీనిక్స్)
కనిపించింది సార్. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు స్పష్టంగా. అప్పుడు అమ్మకు వీడియో కాల్ చేశాను, అక్కడ పొద్దున ఆరు. మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. "కింద నీళ్ళున్నాయా?" అంది. ఉన్నాయమ్మా, నది అన్నాను. "మరి ఇక్కణ్ణించి కనపడవే" అంది. సరేలే, నువ్వు ఫోను కొండ వైపు తిప్పు అన్నాను. తిప్పింది. ఎండ అప్పుడే పై అంచుకు తగులుతోంది, ఎర్రగా. ఆ ఎర్రరాయి ఎక్కడ ఆగిపోయి కింది రాయి మొదలవుతుందో చూడమ్మా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. నెట్ పోయిందేమో అనుకున్నా.

"ముప్పై ఏళ్ళ నుంచి ఈడ బట్టలు ఆరేస్తున్నా" అంది.

లండన్_రిటర్న్
ఇప్పుడే మిద్దె మీదికి వెళ్ళొచ్చాను. మా వైపు ఎదురింటివాళ్ళు మూడో అంతస్తు లేపుతున్నారు. సగమే కనిపిస్తోంది.

శేషాచలం68 (తిరుపతి)
మా మిద్దెకు రామ్మా. కాఫీ కూడా ఉంటుంది.

ఊరిబిండి
పెరుగన్నం ఏమైంది?